ఎడమవైపు సన్న ముల్లు

ఫిబ్రవరి 4

ఒరేయ్ పిచ్చుకా,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను. ముందు కోపం.

నిన్న ఫోన్లో నేనేమడిగాను? "రోజంతా నువ్వు చేసే పనేంట్రా?" అని. అంతేగా. "చెప్పినా నీకర్థం కాదులే అక్కా" అన్నావు. ఆ తర్వాత నేనేదో అన్నాను, నువ్వేదో అన్నావు, మూడో నిమిషానికల్లా ఎప్పట్లాగే ఎవరో పెట్టేశారు. పెట్టేసింది నేనేనని మీ బావ అంటున్నారు. స్కూలు బస్సు నడిపే మనిషి, అరుపులకి అలవాటుపడ్డవాడు. ఆయనే లేచి వరండాలోకి వెళ్ళిపోయారంటే మన గొంతులు ఎలా ఉన్నాయో చూసుకో.

నాన్న పోయిన ఈ మూడేళ్ళలో మనిద్దరం ఫోన్లో ఐదు నిమిషాలు నెగ్గుకొచ్చిన రోజు లేదు. అందుకని ఇకమీదట ఉత్తరాలే. ఉత్తరంలో మాటకి మాట అడ్డం రాదు. కోపమొచ్చినా, కవరు అంటించి పోస్టుడబ్బా దాకా నడిచేసరికి సగం దిగిపోతుంది.

ముందు నా పని నేను చెప్తాను, నువ్వు నీది చెప్పాలి. మా ఈసీజీ గది ఆస్పత్రి మొదటి అంతస్తులో, రెండో నంబరు లిఫ్టు పక్కన. ఒక బల్ల, ఒక తెర, ఒక మిషను, నేను. పంతొమ్మిదేళ్ళు. రోజుకి నలభై మంది. చల్లటి జెల్లీ రాసి, ఛాతీ మీద ఆరు రబ్బరు బుడ్డీలు, కాళ్ళకీ చేతులకీ నాలుగు క్లిప్పులు పెట్టి, "ఊపిరి మామూలుగా తీసుకోండి" అంటాను. ఆ మాట అనగానే అందరూ ఊపిరి బిగబట్టేస్తారు! గులాబీరంగు గళ్ళ కాగితం మీద గుండె గీతలు గీతలుగా బయటికొస్తుంది. దాన్ని చింపి డాక్టరుకి పంపిస్తాను. తీయడం నా పని, చదవడం వాళ్ళ పని.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఒక ఠావు నిండా. అర్థం కాకపోతే రెండోసారి చదువుతాను, అంతేగా.

ఇక క్షేమం: బాగానే ఉన్నాం.

మీ అక్క


ఫిబ్రవరి 10

అక్కా,

పెట్టేసింది నువ్వే. ఆ సంగతి ముందు రాసి పెడుతున్నాను.

సరే, నా పని. నా గది మూడో అంతస్తులో. ఇద్దరికి సరిపోయే చోట నలుగురం. కిటికీలోంచి ఎదుటి భవనం నీళ్ళ ట్యాంకు కనబడుతుంది. ఆకాశం కనబడదు. నక్షత్రాల పని చేసేవాడి గది అది!

కొన్ని నక్షత్రాలు చచ్చిపోయేటప్పుడు పేలిపోతాయి. ఆ పేలుడునే సూపర్‌నోవా అంటారు. కొన్నాళ్ళపాటు ఆ ఒక్క నక్షత్రం కోట్లాది నక్షత్రాల గుంపు మొత్తంతో పోటీపడి వెలుగుతుంది. ఎక్కడ ఎప్పుడు పేలుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకని కొన్ని టెలిస్కోపులు రోజూ ఆకాశమంతా ఫోటోలు తీస్తాయి. నిన్నటి ఫోటోలో లేని చుక్క ఇవాళ ఉంటే దాన్ని జాబితాలో వేస్తాయి. పొద్దున నేను ఆఫీసుకొచ్చేసరికి ఆ జాబితా నా బల్ల మీద ఉంటుంది.

అయితే చుక్కని చూసి ఏమీ చెప్పలేం. దాని వెలుగుని రంగులు రంగులుగా విడదీయాలి. ఏ రంగు ఎంత ఉందో గీత గీస్తే ఎత్తులూ పల్లాలూ వస్తాయి. ఆ గీతనే స్పెక్ట్రమ్ అంటాం. ఒకచోట పల్లం ఉంటే సిలికాన్, అది ఒక రకం పేలుడు. ఇంకోచోట గుట్ట ఉంటే హైడ్రోజన్, అది ఇంకో రకం. గుట్ట వెడల్పుని బట్టి లోపలి పదార్థం ఎంత వేగంగా బయటికి దూసుకొస్తోందో చెప్పొచ్చు. మొన్న ఒకదానికి లెక్క వేస్తే సెకనుకి పదివేల కిలోమీటర్లు వచ్చింది. ఆ అంకె రాసి, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. ఏడేళ్ళుగా చేస్తున్నా అలవాటు కాలేదు.

నా ఉద్యోగం ఇదే: గీత చూసి, ఇది ఫలానా రకం అని లోకానికి చెప్పడం. నేను చెప్పినదాన్ని బట్టే పెద్ద పెద్ద టెలిస్కోపులు అటు తిరగాలా వద్దా అని తేల్చుకుంటాయి.

ఇప్పుడు చెప్పు, అర్థమైందా?

పిచ్చుక


ఫిబ్రవరి 13 (కార్డు)

అక్కా, తీరిక లేదు, రెండు ముక్కలు. నిన్న పొద్దున టైప్ టూ అని తేలింది. ఇంకా మొదటి దశే, చాలా తొందరగా బయటపడింది, అదృష్టం. ఇక రెండు రోజులకోసారి చూస్తూ ఉండాలి. మూడు నెలలైనా పడుతుంది. మా పెద్దావిడ కూడా చూసి అదే అన్నారు. ఉంటాను.


ఫిబ్రవరి 18

నాన్నా పిచ్చుకా,

కార్డు చూసి కాళ్ళూ చేతులూ ఆడలేదు. టైప్ టూ షుగర్ అని కార్డు మీద రాస్తారా ఎవరైనా, పోస్టుమాన్‌కి తెలిశాక అక్కకి తెలిసేలా? ముప్ఫై నాలుగేళ్ళకే ఏంట్రా ఇది? మన ఇంట్లో ఎవరికీ లేదే!

అయినా భయపడకు. తొందరగా బయటపడిందన్నావు కదా, అదే మంచిది. మా షుగర్ డాక్టరమ్మగారిని అడిగి ఆహార పట్టిక రాయించాను, దీంతో పెట్టాను. టీలో చక్కెర మానెయ్. పొద్దునా సాయంత్రం ముప్పావుగంట నడువు. రెండు రోజులకోసారి చూడనక్కర్లేదట, చూసిన రోజున మాత్రం పరగడుపున ఒకసారి, తిన్నాక రెండు గంటలకి ఒకసారి చూడమన్నారు. అరికాళ్ళు అద్దంలో చూసుకో. మూడు నెలల్లో తగ్గుతుందని నీకెవరు చెప్పారో గాని నమ్మకు. మీ పెద్దావిడ ఎవరు, డాక్టరేనా?

నీకు తోడుగా మీ బావ చక్కెర మానేశారు. బలవంతంగా. మొహం గంటుపెట్టుకుని తిరుగుతున్నారు.

ఇక నీతో దెబ్బలాడను.

అక్క


ఫిబ్రవరి 23

అక్కా,

నాకు షుగర్ లేదు!

నీ ఉత్తరం గదిలో పైకి చదివాను. ముగ్గురూ కుర్చీల్లోంచి జారిపోయారు. మా పెద్దావిడ మాత్రం నవ్వలేదు; ఆ ఆహార పట్టిక అడిగి తీసుకున్నారు. షుగర్ ఆవిడకే ఉంది. మా జట్టుకి ఆవిడే నాయకురాలు. డాక్టరేట్ ఉంది, నువ్వనుకున్న డాక్టరు కాదు.

టైప్ టూ అంటే హైడ్రోజన్ గుట్ట కనబడే సూపర్‌నోవా. పన్నెండో తారీఖున ఒకటి దొరికింది. ఆరు కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అంటే ఆ నక్షత్రం పేలి ఆరు కోట్ల ఏళ్ళయింది, ఆ వెలుగు ఇప్పుడు మన దగ్గరికి చేరింది. బయలుదేరినప్పుడు ఇక్కడ దాన్ని చూడడానికి మనిషన్నవాడు లేడు. దాన్ని పట్టుకుని, "ఇది టైప్ టూ, పసిది" అని జాబితాలో రాసింది నేను. బావకి చక్కెర తిరిగి ఇచ్చేయ్.

నువ్వు నమ్మవని గీతలే పంపిస్తున్నాను. ఒకటి మొదటిరోజుది, రెండోది నాలుగోరోజుది. మంచి ప్రతులు ఫైల్లోకి వెళ్ళిపోయాయి, చిత్తుకాగితాల బుట్టలో మిగిలినవి ఇవి. కొంచెం గరుకుగా ఉంటాయి, సర్దుకో. పంతొమ్మిదేళ్ళుగా గీతలు చూస్తున్నదానివి, ఎలా ఉందో చెప్పు.

ఇట్లు, ఆరోగ్యవంతుడైన తమ్ముడు


మార్చి 1

ఒరేయ్,

సిగ్గుతో చచ్చిపోయాను, ఆ విషయం వదిలెయ్. మీ బావ మూడు చెంచాల చక్కెర వేసుకుని, నా ఎదురుగానే కూర్చుని, చప్పుడు చేసుకుంటూ టీ తాగారు.

గీతలు చూశాను. నాకేం తెలుస్తుందని కాదు గాని, మా దగ్గర ఒక అలవాటుంది. ఒకే మనిషివి పాత కాగితం, కొత్త కాగితం ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీకి ఆనించి వెలుగులో చూస్తాం. నీ కాగితాలూ అలాగే పెట్టాను. గుట్టలూ పల్లాలూ నాలుగోరోజుకి పెరిగాయి. అది సరే. మొదటిరోజు కాగితంలో ఎడమవైపు సన్నటి ముల్లు ఒకటి నిలబడి ఉంది చూడు. పెన్సిల్‌తో సున్నా చుట్టాను. రెండోదాంట్లో అది లేదు. ఏమైంది?

మిషను తప్పైతే మిగతాచోట్ల కూడా వణుకుండాలి, లేదు. ఆ మనిషికి పుట్టుకతో ఉన్నదైతే నాలుగోరోజూ ఉండాలి, అదీ లేదు. మూడు రోజుల్లో వచ్చిపోయేది ఏదైనా ఉందంటే మా దగ్గర దాన్ని ఊరికే వదలరు.

తెలివితక్కువ ప్రశ్నైతే ఈ ఒక్కసారికి గదిలో పైకి చదవకు.

అక్క


మార్చి 6

అక్కా,

గదిలో పైకి చదివాను. అయితే నవ్వడానికి కాదు.

జరిగింది జరిగినట్టు చెప్తాను. నీ ఉత్తరం చదవగానే "అది మచ్చ అక్కా" అని జవాబు రాయడం మొదలుపెట్టాను. అప్పుడప్పుడు ఎక్కడినుంచో ఒక కణం వచ్చి కెమెరాకి తగులుతుంది, అలాంటి ముల్లు పడుతుంది. వాటిని చెరిపేసి శుభ్రం చేశాకే గీత పంపుతాం. పన్నెండో తారీఖున జాబితాలో పదకొండు ఉన్నాయి, ఇది ఏడోది. ముల్లు కనబడింది, మచ్చ అనుకున్నాను, చెరిపేశాను. నీకు పంపిన చిత్తుకాగితంలో మాత్రం అది మిగిలిపోయింది.

వాక్యం సగంలో ఆగిపోయాను. ఆ రోజు ఆ వెలుగుని ఒకేసారి పట్టుకోలేదు. ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతలుగా పట్టుకున్నాం. మచ్చ అయితే ఒక్క విడతలోనే ఉండాలి. మూడింటినీ విడివిడిగా తెరిచాను. మొదటిదాంట్లో ఉంది. రెండోదాంట్లో ఉంది. మూడోది తెరవడానికి ముందు లేచి నీళ్ళు తాగొచ్చాను. దాంట్లోనూ ఉంది.

అది హీలియం అక్కా. మామూలుగా అక్కడ కనబడని హీలియం. భరించలేనంత వేడి తగిలితే తప్ప వెలగదు. నక్షత్రం పేలడానికి ముందు చివరి ఏడాదిలో, ప్రాణం పోయేటప్పుడు మనిషి ఊపిరి వదిలినట్టు, తన పైపొరల్లోంచి కొంత వాయువుని బయటికి వదిలింది. అది చుట్టూ పొగలా నిలబడి ఉంది. తర్వాత పేలింది. ఆ మెరుపు తగిలి పొగంతా ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగే నీ ముల్లు. వెనకే దూసుకుంటూ వచ్చిన పేలుడు రెండు మూడు రోజుల్లో ఆ పొగని మింగేసింది. అందుకే నాలుగోరోజుకి లేదు.

అంటే నువ్వు కిటికీకి ఆనించి చూసినది ఏంటో తెలుసా? ఒక నక్షత్రం చివరి ఊపిరి. ఆరు కోట్ల ఏళ్ళ కిందటిది. ఆ మూడు రోజుల్లో దాని వెలుగుని విడదీసి చూసింది భూమ్మీద మా ఒక్క టెలిస్కోపే. చూసిన గీత ఒక్కటే. దాన్ని నా చేత్తో నేనే చెరిపాను.

పెద్దావిడ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ మూడు విడతల్నీ తిప్పి తిప్పి చూశారు. తర్వాత అడిగారు: "ఎవరు చూశారు దీన్ని?"

"మా అక్క."

"ఏం చదివింది?"

"ఆస్పత్రిలో ఈసీజీలు తీస్తుందండీ."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ ఆహార పట్టిక పంపినావిడేనా?" అన్నారు. అవునన్నాను. "చెరపడం క్షణం పని బాబూ. చెరిపాక, అక్కడ ఒకటుండేదని ఎవరికీ గుర్తుండదు. ఆవిడ లేకపోతే ఇది ఉండేదే కాదు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్ద టెలిస్కోపుల్ని ఆ రోజే పిలవాల్సింది, ఆ అవకాశం పోయింది. అయినా ఈ ఒక్క గీత మిగిలింది. నా పాత రాతని దిద్ది, నా పొరపాటు నేనే ఒప్పుకుంటూ మళ్ళీ అందరికీ పంపాను. నాలుగు దేశాల నుంచి గీత పంపమని అడిగారు.

నీకర్థం కాదులే అన్నాను కదా. నోరు కడుక్కోవాలి.

పిచ్చుక


మార్చి 12

పిచ్చుకా,

నీ ఉత్తరం ఐదుసార్లు చదివాను. ఆస్పత్రికి తీసుకెళ్ళి భోజనాల గదిలో నర్సులకి చదివి వినిపించాను. గొప్పలకే అనుకో. కానీ సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ చదివితే ఒకచోట ముల్లు గుచ్చుకుంది. "కనబడింది, మచ్చ అనుకున్నాను, చెరిపేశాను." ఆ మాట రాయడానికి నీకెంత ధైర్యం కావాలో నాకు తెలుసు. మూడేళ్ళుగా నేను రాయలేకపోయిన మాట అది. ఇవాళ రాస్తున్నాను.

నాన్న పోయిన రోజు ఆయన మా ఆస్పత్రిలోనే ఉన్నాడు. అంతవరకు నీకు తెలుసు. లిఫ్టు మెకానిక్ కదా, రెండో నంబరు లిఫ్టు ఆగిపోతే బాగుచేయడానికి వచ్చాడు. మధ్యాహ్నం నా గది తలుపు దగ్గర నిలబడి, "అమ్మాయ్, కొంచెం బరువుగా ఉందే" అన్నాడు. పడుకోబెట్టి ఈసీజీ తీసింది నేను. ఆ సంగతి నీకు చెప్పలేదు.

కాగితం బయటికొచ్చింది. పైన మిషను 'నార్మల్' అని అచ్చువేసింది. కానీ రెండుచోట్ల గీత కాస్త పైకి లేచి ఉంది. వెంట్రుకంత. నాకు కనబడింది. డ్యూటీ డాక్టరు హడావుడిలో ఉన్నాడు, మిషను రాసినది చూసి "గ్యాసు, ఇంటికెళ్ళి పడుకోండి" అన్నాడు. "సార్, ఇక్కడ ఒకసారి చూడండి" అనాలని నోటిదాకా వచ్చింది. చదవడం నా పని కాదు కదా అనుకున్నాను. నాన్న మళ్ళీ లిఫ్టు దగ్గరికెళ్ళి, పని పూర్తిచేసి, సాయంత్రం ఇంటికెళ్ళాడు. ఆ తర్వాతది నీకు తెలుసు.

నువ్వు వచ్చాక నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నీకెలాగో తెలిసిపోయిందనుకున్నాను. అప్పటినుంచి ఫోన్లో నీ గొంతు కొంచెం పెరిగితే చాలు, అడిగేస్తావేమోనని ముందే నేను గొడవ మొదలుపెట్టేదాన్ని.

ఆ కాగితం దాచాను. నీకు పంపిద్దామని ఇవాళ తీశాను. మా మిషను సిరాతో రాయదు, వేడితో గీస్తుంది. ఏళ్ళ తరబడి నిలవదు. తీసి చూస్తే గళ్ళు తప్ప ఏమీ లేవు. ఖాళీ. అయినా పంపిస్తున్నాను. నీ దగ్గరే ఉండనీ.

అక్క


ఏప్రిల్ 2

పిచ్చుకా,

మూడు వారాలైంది. నీకు రాయాలని లేదని అర్థమైంది. నేను నిన్ను తప్పుపట్టను. కాగితం మాత్రం పారేయకు.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి చదివాను. మార్చి తొమ్మిదిన నన్ను కొండమీది టెలిస్కోపు దగ్గరికి పంపారు, మన సూపర్‌నోవా కోసమే. వారమన్నారు, దారిలో కొండచరియ విరిగిపడి ఇరవై ఎనిమిది రోజులైంది. నీ ఉత్తరాలు ఇక్కడ తలుపు కింద పడి ఉన్నాయి. నీకు రాయాలని లేకపోవడమేంటి అక్కా!

కోపం వచ్చిందా అంటే వచ్చింది, అబద్ధమాడను. ఎవరి మీదో తెలియలేదు. అదే ఊపులో నా సంగతి కూడా చెప్పేస్తున్నాను. ఆ రోజు నాలుగుంబావుకి నాన్న నాకు ఫోన్ చేశాడు. ఆస్పత్రి నుంచే అయుంటుంది. నేను టెలిస్కోపు కెమెరాని సరిచూసే దీపాల సర్దుబాటు పనిలో ఉన్నాను, అక్కడ ఫోన్ ఉండకూడదని అరలో పెట్టి తాళం వేశాను. ఎనిమిదింటికి చూశాను. ఇప్పుడెందుకులే, రేపు చేద్దాం అనుకున్నాను. నీతో రెండు రోజులు మాట్లాడలేకపోయింది అందుకు. "నాన్న నీకు ఫోన్ చేశాడా?" అని నువ్వు అడుగుతావేమోనని. మూడేళ్ళుగా ఇద్దరమూ భయపడుతూనే ఉన్నామన్నమాట.

ఇక నీ కాగితం. అది ఖాళీ కాదు.

మాకు అందే వెలుగు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఒక ఫోటోలో ఏమీ కనబడదు. వందసార్లు తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే, పిచ్చిగీతలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, నిజంగా ఉన్నది మెల్లగా పైకి తేలుతుంది. ప్రయోగశాలలో ఊదారంగు దీపం కింద నీ కాగితాన్ని నూట నలభైసార్లు ఫోటో తీశాను. ముప్ఫై ఫోటోలకి ఏమీ లేదు. అరవైకి ఒకచోట నీడలా కదిలింది. నూరు దాటేసరికి పొగమంచులోంచి మనిషి నడిచొచ్చినట్టు ఒక్కొక్క గీతే వచ్చింది. నాన్న గుండె అక్కా. పన్నెండు వరుసలు. తెరమీద నాన్న గుండె కొట్టుకుంటూ ఉంది. పెద్దావిడ లోపలికి వచ్చి, చూసి, ఏమీ అడక్కుండా తలుపు దగ్గరేసి వెళ్ళిపోయారు.

అచ్చువేసి పంపిస్తున్నాను. నాకు ఈ గీత చదవడం రాదు. నువ్వే చదివి చెప్పు. ఏముంటే అది.

పిచ్చుక


ఏప్రిల్ 20

పిచ్చుకా,

ఉంది.

రెండుచోట్ల, వెంట్రుకంత. మూడేళ్ళుగా తలుచుకుని తలుచుకుని నేనే పెంచుకున్నానేమో, అసలు లేదేమో అని లోపల ఒక ఆశ ఉండేది. లేదు. ఎంత గుర్తుందో అంతే ఉంది.

కాగితం పట్టుకుని మా గుండెజబ్బుల పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన చూసి, "ఎవరిది? వెంటనే లోపలికి తీసుకోవాల్సిన కేసు ఇది" అన్నారు.

"మా నాన్నదండీ. మూడేళ్ళయింది. తీసింది నేను. చూసింది నేను. చెప్పలేదు."

ఆయన కాగితం కింద పెట్టలేదు. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"చదవడం నా పని కాదు కదండీ."

ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. గొంతు మామూలుగానే ఉంది. ఆయన కిటికీ వెలుగులో కాగితాన్ని ఇంకోసారి చూశారు. "పంతొమ్మిదేళ్ళలో ఎన్ని తీసుంటావు?" అని అడిగారు. రోజుకి నలభై అన్నాను. "నాకంటే ఎక్కువ చూశావు" అన్నారు.

పోయిన సోమవారం నుంచి మా గదిలో కొత్త పద్ధతి. మాకు అనుమానం వస్తే కాగితం మూలన ఎర్రపెన్నుతో గీత పెట్టొచ్చు. ఎర్రగీత ఉన్న కాగితాన్ని పెద్ద డాక్టరు చూడకుండా ఎవరినీ ఇంటికి పంపకూడదు. వారంలో ఐదు పెట్టాను. నాలుగు ఊరికే, నన్ను చూసి కుర్ర డాక్టర్లు నవ్వుకున్నారు. ఐదోది హోటల్లో గిన్నెలు తోమే ఆవిడ. మిషను 'నార్మల్' అంది. ఇప్పుడు ఆరో నంబరు మంచం మీద కూర్చుని, ఆస్పత్రి టీ నీళ్ళలా ఉందని అందరినీ తిడుతోంది.

నీ ఫోన్ సంగతి. సాయంత్రం వెళ్ళేముందు, నువ్వు ఎత్తలేదని నాన్న నా ఫోన్ నుంచి కూడా నీకు చేయమన్నాడురా, రద్దీలో నాకు కుదరలేదు. "లిఫ్టు బాగైంది, పిల్లాడికి చెబుదాం" అన్నాడు. ఏ పని పూర్తయినా నీకు చెప్పడం ఆయనకి సరదా. చెప్పాలనుకున్నది అదే. ఇంకేం లేదు.

సెలవు పెట్టాను. మన నక్షత్రాన్ని చూడొచ్చా? గీత కాదు, దాన్నే.

అక్క


మే 3

అక్కా,

క్షేమంగా చేరావని బావ చెప్పారు. నువ్వు రాలేదు ఫోన్‌కి.

అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను. నీకు నచ్చలేదా? మా ప్రాంగణంలో సందర్శకులు చూసే పాత టెలిస్కోపుని నీకోసం రెండు గంటలు ముందే సర్దించాను. మేఘాలు పోతాయా లేదా అని మధ్యాహ్నం నుంచి పైకే చూస్తూ ఉన్నాను. నువ్వు మెట్లెక్కి చూశావు. "చూశావా?" అన్నాను. "ఊ" అన్నావు. దిగొచ్చావు. టీ ఎక్కడ దొరుకుతుందని అడిగావు. దారంతా రైలు టిక్కెట్టు గురించి మాట్లాడావు.

తప్పులేదు, నిజానికి అది చిన్న చుక్కే. గీతలో ఉన్నంత సంగతి కంటికి కనబడదు. ముందే చెప్పి ఉండాల్సింది. ఇంకో రెండు వారాల్లో అది చల్లారడం మొదలవుతుంది, ఆ పాత గొట్టానికి ఇక అందదు.

పెద్దావిడ నీకు నమస్కారం చెప్పమన్నారు. మేం రాస్తున్న వ్యాసం చివర నీకు కృతజ్ఞతలు రాశాం. 'ముల్లుని మొదట చూసినవారు' అని.

పిచ్చుక


మే 8

ఒరేయ్ పిచ్చుకా,

"ఊ" అన్నానని అలిగావా?

ఆ ఇనపమెట్ల మీద నాకేమైందో చెప్తాను. కన్ను ఆనించగానే మొదట అంతా నలుపు. తర్వాత నా కనురెప్పల వెంట్రుకలే కనబడ్డాయి. ఊపిరి బిగబట్టాను, మా గదికొచ్చే వాళ్ళలాగే. అప్పుడు తెల్లటి మసక కనబడింది, అద్దం మీద ఊపిరి వదిలినట్టు. అదంతా నక్షత్రాల గుంపని నువ్వు కింద నుంచి చెబుతున్నావు. ఆ మసక అంచున, కదలకుండా, ఒక చుక్క.

ఆరు కోట్ల ఏళ్ళు అన్న అంకె నువ్వు రెండుసార్లు రాశావు. చదివి తలూపాను. అంకె అంకేగా. కానీ అక్కడ ఒక సంగతి తట్టింది. ఆ వెలుగు అక్కడ బయలుదేరి, దారిలో ఏ దుమ్ముకీ తగలకుండా, ఏ నక్షత్రమూ అడ్డం రాకుండా, ఆఖరికి నువ్వు భయపడ్డ ఆ మేఘాల సందులోంచి దిగి, ఆ గొట్టంలోంచి వచ్చి నా కంట్లో పడింది. నా కంట్లో పడ్డాక ఇక అది ఎక్కడికీ పోదు కదా. ఇంకెవరికీ కనబడదు. దాని ప్రయాణం నాలో అయిపోయింది. అంత దూరం నుంచి వచ్చిందాన్ని నిలబెట్టుకోవడానికి నేనెవరిని? జెల్లీ రాసే మనిషిని. నాకు సిగ్గేసింది. రెప్ప వేయాలంటే భయమేసింది, వేస్తే ఎంత వెలుగు గుమ్మందాకా వచ్చి రెప్పకి తగిలి ఆరిపోతుందోనని. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా వేయలేదు.

నాన్న పోయిన రోజున ఆ వెలుగు ఇంకా మూడేళ్ళ దూరంలో ఉంది. ఆయన పుట్టిన రోజున కూడా దారిలోనే ఉంది. మన అమ్మమ్మల అమ్మమ్మలు పుట్టకముందు నుంచీ వస్తూనే ఉంది. అంత నడకలో మన ముగ్గురి బతుకులూ చివరి రెండు అడుగులు. అలా అనుకుంటే భయం వేయాలి కదా? నాకెందుకో ఎవరో నెత్తిమీద చెయ్యి పెట్టినట్టుంది.

అప్పుడు నువ్వు కింద నుంచి "చూశావా?" అన్నావు. నా దగ్గర ఉన్న మాటల్లో అంతటికి సరిపోయేది "ఊ" ఒక్కటే. ఇంకో మాట మాట్లాడితే అది ఒలికిపోతుందని టీ అడిగాను, టిక్కెట్టు గురించి మాట్లాడాను.

ఆ వ్యాసంలో నా పేరెందుకురా, నలుగురూ నవ్వుతారు. వేస్తే మాత్రం ఒక ప్రతి పంపు. మీ బావ బస్సులో అతికిస్తారట.

దారిలో ఇంకోటి గుర్తొచ్చింది. నన్ను మెట్లెక్కించి నువ్వు కిందే నిలబడ్డావు. నేను దిగాక గొట్టానికి మూత పెట్టేశావు. దాని రకం చెప్పింది నువ్వు, దాన్ని చెరిపింది నువ్వు, మళ్ళీ వెతికి పట్టుకున్నది నువ్వు. ఇన్నాళ్ళలో దాన్ని ఒక్కసారైనా కంటితో చూశావా? చూడలేదనే నా అనుమానం. ఈ ఉత్తరం అందిన సాయంత్రమే వెళ్ళు. వెళ్ళి, మెట్లెక్కి, నోరు మూసుకుని చూడు.

అక్క